ఎనిమిదో లేన్, మూరెడు దూరం

2018 జూలైలో ఫిన్లాండ్‌లోని తాంపెరె నగరంలో జరిగిన ప్రపంచ అండర్-20 అథ్లెటిక్స్ పోటీలు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది 400 మీటర్ల పరుగులో స్వర్ణం గెలిచిన అస్సాం అమ్మాయి హిమా దాస్. ఆమె గెలవడానికి సరిగ్గా ముందురోజు, జూలై 11న, అదే ట్రాక్ మీద పురుషుల వంద మీటర్ల ఫైనల్ జరిగింది. ఇండోనేషియాలోని లొంబోక్ దీవికి చెందిన పద్దెనిమిదేళ్ల లాలు ముహమ్మద్ జోహ్రి ఆ పందేన్ని 10.18 సెకన్లలో గెలిచాడు. అమెరికా కుర్రాళ్లు ఆంథోనీ ష్వార్ట్జ్, ఎరిక్ హారిసన్ ఇద్దరూ 10.22 సెకన్లతో అతని వెనుక నిలిచారు. సెమీఫైనళ్లలో ముందున్నవారికి మధ్య లేన్లు దక్కుతాయి. జోహ్రికి దక్కింది అంచున ఉన్న ఎనిమిదో లేన్. అతను గెలుస్తాడని పందెం మొదలయ్యే ముందు అనుకున్నవారు పెద్దగా ఉండి ఉండరు.

ఈ 10.18 అన్న అంకె మనకు మరో రకంగానూ పరిచయమే. 2025 జూలైలో అనిమేష్ కుజూర్ గ్రీసులో నెలకొల్పిన భారత జాతీయ రికార్డు సరిగ్గా ఇంతే. ఇండోనేషియా కుర్రాడు పద్దెనిమిదేళ్లకు అందుకున్న కాలాన్ని మన దేశపు రికార్డు ఏడేళ్ల తరువాత అందుకుందన్నమాట. ఇక నెల్లూరులోనో, కందుకూరులోనో, మార్కాపురంలోనో హైస్కూలు మైదానం గట్టున నిలబడితే, ‘మావాడు పది పాయింట్ తొమ్మిదిలో కొట్టాడు’ అనే మాట ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడక మానదు. అది అబద్ధమని అనడానికి లేదు, స్టాప్‌వాచ్ ఆ అంకెనే చూపి ఉంటుంది. అయితే ఆ 10.9కీ తాంపెరెలో నమోదైన 10.18కీ మధ్య ఉన్నది పైకి కనిపించే 0.72 సెకన్లు మాత్రమే కాదు.

మట్టి మైదానంలో సున్నపు గీతల మధ్య జరిగే పందెంలో కాలం ఎలా కొలుస్తారో గమనిస్తే ఈ సంగతి తేటపడుతుంది. ఒక పీఈటీ మాస్టారు మొదటి గీత దగ్గర విజిల్ ఊదుతారు లేదా చెక్క క్లాపర్ కొడతారు. స్టాప్‌వాచ్ పట్టుకున్నవారు వంద మీటర్ల అవతల, చివరి గీత దగ్గర ఉంటారు. మన ప్రాంతపు వేడిగాలిలో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, విజిల్ మోత వారి చెవికి చేరేసరికే 0.29 సెకన్లు గడిచిపోతాయి. శబ్దాన్ని బట్టి గడియారం నొక్కితే ఆ మేరకు కాలం లెక్కలోకే రాదు. అనుభవమున్న మాస్టార్లు మోత కోసం ఆగకుండా తుపాకి పొగనో, దించే జెండానో చూసి నొక్కమని చెప్పేది ఇందుకే. అలా చూసి నొక్కినా ఇంకో చిక్కు ఉంది. పందెం మొదలైనప్పుడు కన్ను చూసి వేలు కదలడానికి కొంత ఆలస్యమవుతుంది, కానీ ముగింపులో పరుగు వీరుడు దూసుకు రావడం ముందే కనిపిస్తూ ఉంటుంది కాబట్టి వేలు దాదాపు ఆలస్యం లేకుండానే నొక్కుతుంది. మొదట పోయిన కాలం చివర తిరిగి రాదు. అందుకే వంద మీటర్ల చేతి గడియారపు కాలాన్ని విద్యుత్ గడియారపు కాలంతో పోల్చేటప్పుడు 0.24 సెకన్లు కలపడం ఆనవాయితీ. ఆ లెక్కన 10.9 కాస్తా 11.14 అవుతుంది, గడియారాన్ని విజిల్ మోత విని నొక్కి ఉంటే 11.4 దరిదాపులకు చేరుతుంది. జోహ్రికి ఆరేడు మీటర్ల వెనక ఉన్నాడనుకున్న కుర్రాడు నిజానికి దాదాపు తొమ్మిది మీటర్లు, మోత విని నొక్కి ఉంటే పది మీటర్లకు పైగా వెనక ఉన్నాడు. ఆ కుర్రాడి ప్రతిభను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. తనెక్కడున్నాడో తెలియకుండా రాష్ట్రస్థాయి పోటీకి వెళ్లి, అక్కడ కనిపించిన అంకె చూసి తన కాళ్లనే అనుమానించుకునే పరిస్థితి అతనికి రాకూడదు.

ధ్వని నెమ్మదితనం పెద్ద పోటీల్లోనూ పేచీ పెడుతుంది. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. స్టార్టర్ మొదటి లేన్ పక్కన నిలబడి తుపాకి పేలిస్తే, ఆ చప్పుడు మొదటి లేన్ నుంచి ఎనిమిదో లేన్‌కు చేరడానికి సెకనులో నలభయ్యో వంతు పడుతుంది. వినడానికి అల్పమే, కానీ తాంపెరెలో గెలుపు తేడా మొత్తం సెకనులో ఇరవై అయిదో వంతే. అందువల్ల అంతర్జాతీయ పోటీల్లో పరుగు వీరులు పాదాలు ఆనించే ప్రతి స్టార్టింగ్ బ్లాక్ వెనుకా ఒక స్పీకర్ అమర్చి, సంకేతం అందరికీ ఒకే క్షణంలో వినిపించేలా చూస్తారు. ఎనిమిదో లేన్‌లో ఉన్నవాడు గెలిచే అవకాశం వెనుక ఈ చిన్న పెట్టె పాత్ర కూడా ఉంది. బ్లాకుల్లోని సెన్సర్లు పాదాల ఒత్తిడిని కనిపెడుతూ ఉంటాయి. సంకేతం తరువాత 0.100 సెకన్లలోపే పాదం తోస్తే, మోత విని కాక ముందే ఊహించి కదిలినట్టు లెక్కగట్టి ఫాల్స్ స్టార్ట్ ఇస్తారు. 2010 నుంచి ఒక్క తప్పుకే పందెం నుంచి పంపేస్తున్నారు. మరుసటి ఏడాది దక్షిణ కొరియాలోని దేగులో జరిగిన ప్రపంచ పోటీల వంద మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ అంతటివాడు ఇలాగే బయటికి నడిచాడు.

బ్లాక్ వదిలిన తొలి అడుగుల్లో పని నేలను వెనక్కి నెట్టడం. బండలాగుడు పోటీలో ఒంగోలు గిత్త గిట్టలు నేలలో నాటుకుని, మెడ వంచి, ఒళ్లంతా ముందుకు వాల్చినట్టే పరుగు వీరుడూ వాలి ఉంటాడు. ముప్పై నలభై మీటర్లు దాటి నిటారుగా లేచాక కథ మారుతుంది. కాళ్లను ఎంత చురుగ్గా ఆడిస్తే అంత వేగమని మనం సహజంగా అనుకుంటాం. పరుగును పరిశోధించే శాస్త్రవేత్త పీటర్ వేయాండ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగాలు ఈ నమ్మకాన్ని కదిలించాయి. బాగా వేగంగా పరుగెత్తేవారికీ, నెమ్మదిగా పరుగెత్తేవారికీ కాలును గాలిలో ముందుకు తెచ్చుకునే సమయంలో తేడా చాలా స్వల్పమని, అసలు తేడా పాదం నేలను తాకిన ఆ సెకనులో పదో వంతు వ్యవధిలో నేల మీద ఎంత బలం ప్రయోగించారన్న దానిలోనే ఉందని ఆ కొలతలు చూపాయి. అండర్-20 వయసులో కండరాలు, వాటిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు ఇంకా గట్టిపడుతూనే ఉంటాయి కాబట్టి ఒక్క ఏడాదిలోనే పెద్ద మెరుగుదల సాధ్యమవుతుంది. జోహ్రి 2019లో ఒసాకాలో 10.03కు దిగాడు. చివరి ముప్పై మీటర్లలో మాత్రం అందరూ, బోల్ట్‌తో సహా, నెమ్మదిస్తారు. టీవీలో ఒకడు దూసుకొచ్చినట్టు కనిపిస్తే, చాలాసార్లు అతను మిగతావారికన్నా తక్కువ నెమ్మదించాడని అర్థం.

ముగింపు గీత దగ్గర లెక్కకు వచ్చేది మొండెం; తల, మెడ, చేయి, కాలు ఏవి ముందు దాటినా ప్రయోజనం లేదు. అక్కడి కెమెరా మామూలు ఫోటో తీయదు. గీత మీద ఉన్న సన్నని నిలువు చీలికను మాత్రమే సెకనుకు వెయ్యి సార్లకు పైగా తీసి, ఆ చీలికలను పక్కపక్కన పేరుస్తుంది. అందువల్ల ఆ చిత్రంలో ఎడమ నుంచి కుడికి ఉన్నది దూరం కాదు, కాలం. సరిగ్గా గీత మీద ఆనిన పాదం అందులో సాగదీసిన బూటులా పొడుగ్గా కనిపిస్తుంది, ఎందుకంటే అది ఆ గీత మీద ఎక్కువసేపు ఉంది. ష్వార్ట్జ్, హారిసన్‌లకు ఒకే 10.22 వచ్చినా రజతం ష్వార్ట్జ్‌కు, కాంస్యం హారిసన్‌కు దక్కడం సెకనులో వెయ్యో వంతు వరకు చదవగలిగే ఈ చిత్రం పుణ్యమే. జోహ్రికీ వారికీ మధ్య ఉన్న 0.04 సెకన్లను ముగింపు దగ్గర వారి పరుగు వేగంతో గుణిస్తే దూరం నలభై సెంటీమీటర్లకు కాస్త పైన, అంటే మూరెడు.

ఇక గాలి. వెనుక నుంచి సెకనుకు 2 మీటర్ల వేగంతో గాలి తోస్తే పది సెకన్ల పరుగులో దాదాపు పదో వంతు సెకను కలిసొస్తుంది. అంతకు మించి వీస్తే ఆ కాలం రికార్డుగా చెల్లదు. నెల్లూరు, కొత్తపట్నం వైపు వేసవిలో పొద్దున పడమటి వడగాలి, మధ్యాహ్నం తిరిగాక తూర్పు నుంచి సముద్రపు గాలి వీయడం మనకు తెలిసిందే. తూర్పు పడమరలుగా గీసిన ట్రాక్‌లో ఒకే కుర్రాడు ఉదయం, సాయంత్రం పరుగెత్తితే, గాలిమీటరు లేని చోట ఆ రెండు కాలాలనూ పోల్చడం వృథా ప్రయాస. మన ఎండలూ కొంత పని చేస్తాయి: 40 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలి కన్నా సుమారు ఆరు శాతం పలచన కాబట్టి శరీరానికి అడ్డం ఆ మేరకు తగ్గుతుంది. ఎత్తయిన ప్రదేశాల్లోనూ ఇదే జరుగుతుంది. 2022లో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన ఇవే పోటీల్లో బోట్స్వానాకు చెందిన లెట్సిలే టెబోగో 9.91తో అండర్-20 ప్రపంచ రికార్డు నెలకొల్పాడు, అదీ ఆఖరి మీటర్లలో పక్కనున్న జమైకా కుర్రాడి వైపు తల తిప్పి చూస్తూ. ఆనాటి గాలి సెకనుకు 0.8 మీటర్లు, నిబంధనల్లోపే. కాలి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, దానికి మాత్రం రికార్డుల పట్టికలో ఏ తగ్గింపూ లేదు.