మాయమైన తమ్ముడు, అన్న రాసిన చట్టం

ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మూడో బెనిగ్నో అకినో 2012 డిసెంబరు 21న సంతకం చేసిన చట్టాల్లో రెండింటి నంబర్లు పక్కపక్కనే ఉంటాయి: 10353, 10354. రెండోది కుటుంబ నియంత్రణ సేవలకు సంబంధించినది. క్యాథలిక్ బిషప్పులు ఏళ్ల తరబడి ఎదిరించారు కాబట్టి పత్రికలన్నీ దాని గురించే రాశాయి. మొదటిది బయట పెద్దగా ఎవరి కంటా పడలేదు. ప్రభుత్వ బలగాలు మనుషులను పట్టుకెళ్లి మాయం చేయడాన్ని ప్రత్యేక నేరంగా ప్రకటించిన చట్టమది. ఆసియాలో అలాంటిది అదే మొదటిది. రెండింటి వెనుకా కనిపించే పేరు ఒక్కటే: ఎడ్సెల్ లగ్‌మాన్, పార్లమెంటు దిగువ సభలో ఆల్బే ఒకటో జిల్లా ప్రతినిధి.

ఆల్బే లూజాన్ దీవి ఆగ్నేయ భాగాన, బికోల్ ప్రాంతంలో ఉంది. మయోన్ అగ్నిపర్వతం నీడలోని నేల. లగ్‌మాన్‌లకు పట్టున్న టబాకో అక్కడి రేవు పట్టణం. పేరు చూసి పొగాకు అనుకుంటాం గాని, ‘టబాక్’ అంటే పెద్ద కత్తి, ఊరికి ఆ పేరే వచ్చిందని స్థానికులు చెబుతారు. కత్తుల తయారీకి ఆ ఊరు నేటికీ ప్రసిద్ధి.

ఎడ్సెల్ 1942లో పుట్టారు. యూనివర్సిటీ ఆఫ్ ది ఫిలిప్పీన్స్‌లో లా చదివారు. తమ్ముడు హెర్మన్ కూడా లాయరే, కార్మికుల కేసులు వాదించేవాడు. అప్పటి అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ మార్షల్ లా (సైనిక పాలన) విధించిన ఐదో ఏట, 1977 మే 11న, హెర్మన్ మరో కార్మిక కార్యకర్తతో కలిసి ఒక సమావేశానికి బయలుదేరాడు. ఇద్దరూ తిరిగి రాలేదు. కుటుంబం వెతకని చోటు లేదు. తర్వాత 1985లో ఇలాంటి కుటుంబాలు కలిసి ‘ఫైండ్’ అనే సంస్థ పెట్టుకున్నాయి, అందులో లగ్‌మాన్‌లు ముందు వరుసలో ఉన్నారు. మరో తమ్ముడు, కార్మిక నాయకుడు ఫిలెమోన్‌ను 2001 ఫిబ్రవరి 6న యూనివర్సిటీ ఆవరణలోనే కాల్చి చంపారు. ఒకే ఇంట్లో ఒకరికి సమాధి ఉంది, మరొకరికి అదీ లేదు.

చట్టం ఎందుకు కావలసి వచ్చిందో తెలియాలంటే కోర్టులో జరిగే తంతు చూడాలి. మనిషి కనిపించకపోతే అతన్ని కోర్టు ముందు హాజరుపరచాలని కోరుతూ ఇంటివాళ్లు హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తారు. సైన్యం తరఫున జవాబు వస్తుంది: ‘అతను మా దగ్గర లేడు.’ అది అబద్ధమని తేల్చే దారి ఇంటివాళ్లకు ఉండదు కాబట్టి కేసు అక్కడితో ఆగిపోతుంది. మనకూ తెలియని కథ కాదు. బలవంతపు అదృశ్యాలపై అంతర్జాతీయ ఒడంబడికకు భారత్ 2007లో సంతకం చేసింది, ఆమోదం మాత్రం నేటికీ తెలపలేదు.

10353ను చదువుతుంటే ప్రతి నిబంధనా ఎక్కడో ఒక శిబిరం గేటు దగ్గర విన్న సాకుకు జవాబులా అనిపిస్తుంది. ఆచూకీ అడిగిన వారికి, మనిషి తమ దగ్గర ఉన్నాడో లేడో అధికారి లిఖితపూర్వకంగా ధ్రువీకరించి ఇవ్వాలి. నిర్బంధంలో ఉన్నవారి రిజిస్టరు ఎప్పటికప్పుడు రాయాలి. పై అధికారి ఆజ్ఞ అనో, యుద్ధం అనో తప్పించుకోవడం కుదరదు. కింది వాళ్ల పనికి కమాండరూ బాధ్యుడే. క్షమాభిక్ష వర్తించదు. జాడ దాచినంత కాలం అది కొనసాగుతున్న నేరమే. బాధితుడు ప్రాణాలతో బయటపడితేనే కేసు పెట్టడానికి కాలపరిమితి, అప్పటి నుంచి 25 ఏళ్లు లెక్కకు వస్తాయి.

అలాగని లగ్‌మాన్‌ను మచ్చలేని వీరుడిగా చూపించలేం. అధ్యక్షురాలు గ్లోరియా అరోయో హయాంలో ఆయన పాలక కూటమి మనిషి. మనుషులు మాయమవడం మళ్లీ పెరిగింది ఆ రోజుల్లోనే. 2006లో బులకాన్ రాష్ట్రంలో ఇద్దరు విద్యార్థినులను ఎత్తుకెళ్లిన కేసులో రిటైర్డ్ జనరల్ జొవితో పల్పరాన్‌కు 2018లో శిక్ష పడింది. అదీ కొత్త చట్టం కింద కాదు, కిడ్నాప్, అక్రమ నిర్బంధం సెక్షన్ల కింద. అదే 2006లో మరణశిక్షను రద్దు చేసిన చట్టానికీ లగ్‌మాన్ ప్రధాన రచయితల్లో ఒకరు. మనిషి ఒకే తూకానికి లొంగడు.

సీటు సంగతీ చెప్పాలి. 1987 రాజ్యాంగం వరుసగా మూడు పదవీకాలాలకు మించి ప్రతినిధిగా ఉండనివ్వదు. 1998లో ఆయన దిగితే కూతురు క్రిసెల్ వచ్చారు, 2004లో ఆయన తిరిగి వచ్చారు. 2013లో కొడుకు గ్రెక్స్, 2016లో మళ్లీ ఆయన. రాజకీయ వంశాలను నిషేధించాలని చెప్పేదీ అదే రాజ్యాంగం. దానికి కావలసిన చట్టం చేయాల్సింది కాంగ్రెస్, అది చేయలేదు.

చివరి విడతలో ఆయన ప్రతిపక్షంలో గట్టిగా నిలబడ్డారు. అప్పటి అధ్యక్షుడు డ్యుటెర్టే 2017 మేలో దక్షిణాన ఉన్న మిండనావో దీవిలో మార్షల్ లా ప్రకటించగానే సుప్రీంకోర్టుకెక్కారు. ‘లగ్‌మాన్ వర్సెస్ మెడియాల్డేయా’ అనే ఆ కేసులో ఓడిపోయారు. 2024 మేలో విడాకుల బిల్లును దిగువ సభలో నెగ్గించగలిగారు. వాటికన్‌ను పక్కన పెడితే పౌరులందరికీ వర్తించే విడాకుల చట్టం లేని దేశం ఫిలిప్పీన్స్ ఒక్కటే.

2025 జనవరి 30న, 82 ఏళ్ల వయసులో, ప్రతినిధిగా ఉండగానే ఎడ్సెల్ కన్నుమూశారు. అప్పటికి హెర్మన్ ఇంటి నుంచి వెళ్లి 47 ఏళ్లు దాటింది. జాడ తెలియలేదు.