ఏటిగట్టు మీద నేర్చిన పరుగు కొండెక్కితే

కోనసీమలో పరుగెత్తేవాళ్లకు ఎత్తు అంటే ఏటిగట్టే. అది కాకపోతే గోదావరి వంతెనల అప్రోచ్ రోడ్లు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర్నుంచి సముద్రం దాకా నేల దిగేది పది పదిహేను మీటర్లే. అంచేత మనవాళ్లు మొదటిసారి ట్రయల్ రన్నింగ్‌కి, అంటే కొండదారి పరుగు పోటీకి, పేరిచ్చేటప్పుడు ఒకటే ఆరా తీస్తారు: ఎంత ఎత్తు ఎక్కాలి అని. అడగాల్సిందే. దాంతోపాటు అక్కడి రాయి ఏ రకం, వానలు ఎప్పుడు పడతాయి, ఆ దారి మొదట ఎవరు వేశారు అని కూడా అడగాలి. అయిదొందల మీటర్ల ఎక్కుడు మారేడుమిల్లిలో పెట్టే తిప్పలు వేరు, సహ్యాద్రిలో, అంటే మహారాష్ట్ర వైపు పడమటి కనుమల్లో, వేరు, లద్దాఖ్‌లో వేరు.

ఎత్తుకు లెక్కలు ఎప్పటినుంచో ఉన్నాయి. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు నడకకు ఒక సూత్రం చెప్పాడు: ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి రెండు వేల అడుగులకు అదనంగా ఇంకో గంట. ఇప్పటి పోటీల్లో వంద మీటర్ల ఎక్కుడును ఒక కిలోమీటరు చదును పరుగు కింద జమకడుతున్నారు. రెండూ పనికొచ్చే లెక్కలే. కాకపోతే గట్టి కొండకూ జారుడు కొండకూ అవి ఒకే మార్కు వేస్తాయి.

ముందు మన పక్కనున్న కొండలే చూద్దాం. పాపికొండలు, రంపచోడవరం, మారేడుమిల్లి... ఇవన్నీ తూర్పు కనుమలు. ఇక్కడ ఎక్కువగా కనిపించే రాళ్లలో ఒకటి ఖొండలైట్. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బురదా ఇసుకా భూమి లోతుల్లోకి దిగబడి, వేడికీ ఒత్తిడికీ ఉడికి, రూపు మారిన రాయి ఇది. ఈ కొండలు ఎంత పాతవంటే, అరిగి అరిగి ఇప్పుడు వీటి అత్యంత ఎత్తైన శిఖరాలే 1,700 మీటర్లకు అటూ ఇటూగా ఉన్నాయి. ఖొండలైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వానకూ ఎండకూ మెత్తబడి బంకమన్ను అయిపోతుంది. గార్నెట్ అనే ఇంకో ఖనిజంలో ఉన్న ఇనుము తుప్పుపట్టి ఆ మన్నుకు ఎర్రరంగు పులుముతుంది. మూడో ఖనిజం క్వార్ట్జ్ ఒక్కటే దేనికీ లొంగదు, గింజలు గింజలుగా మిగిలిపోతుంది.

ఇదే ఇక్కడి దారి స్వభావం. కింద గట్టిపడ్డ ఎర్రనేల, పైన వదులుగా క్వార్ట్జ్ గింజలు. ఎండాకాలంలో దిగుడులో కాలు పెడితే గచ్చు మీద చిందిన మినుముల మీద నడిచినట్టే. మడమ తన్నిపెట్టి, ఒళ్లు వెనక్కి వాల్చి బ్రేకు వెయ్యాలని చూసినవాడు ముందు పడతాడు. అడుగు చిన్నది చేసి, వేగంగా మార్చుకుంటూ, ఒళ్లు పాదాల మీదే నిలిపి దిగాలి. మాఘ ఫాల్గుణాల్లో దీని మీద వెదురాకూ టేకాకూ రాలి పరుచుకుంటాయి, గింజలూ కనపడవు, వేళ్లూ కనపడవు. వానలు వెనకబట్టాక, నవంబరు డిసెంబరుల్లో, ఇదే దారి హాయిగా ఉంటుంది. నేలలో మిగిలిన చెమ్మ గింజల్ని పట్టి ఉంచుతుంది. నన్నడిగితే డెల్టావాళ్ల తొలి కొండపరుగుకు ఇంతకంటే మంచి చోటూ కాలమూ లేవు.

ఇంకో సంగతి. ఈ అడవుల్లో కాలిబాటలు చాలావరకు కొండరెడ్ల లాంటి అడవిబిడ్డల కాళ్లు వేసినవి. ఊరి నుంచి పోడు పొలానికి, పొలం నుంచి వాగుకు. మనిషి నెత్తిన బరువుతోనైనా నిటారుగా ఎక్కేస్తాడు, బండి ఎక్కలేదు. అందుకని కాలిబాట కొండ వెన్ను పట్టుకుని సూటిగా పోతుంది, జీపుదారి మెలికలు తిరుగుతుంది. అమెరికాలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పడమటన సియెర్రా నెవాడాలో చాలా దారులు గుర్రాలూ కంచరగాడిదలూ బరువుతో నడవడానికి వేసినవి, కాబట్టి వాలు తక్కువ, మెలికలు ఎక్కువ. తూర్పున న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌లో పాతకాలం దారులు నేరుగా శిఖరానికి గురిపెట్టినవి. హిమయుగపు మంచు మట్టిని ఊడ్చేసి గండశిలలు వదిలిపెట్టిన కొండలవి. అక్కడ అన్నిటికంటే ఎత్తైన మౌంట్ వాషింగ్టన్ 1,917 మీటర్లే. అయినా అంతకు రెట్టింపు ఎత్తున్న పడమటి కొండల్లో అలవోకగా పరుగెత్తేవాళ్లు ఇక్కడికొచ్చి చేతులతో రాళ్లు పట్టుకుని పాకుతారు.

ఇక సహ్యాద్రి. మన గోదావరి పుట్టిల్లు త్ర్యంబకం అక్కడిదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట భూమి పగుళ్లలోంచి లావా పొంగి, చల్లారి, దాని మీద మళ్లీ పొంగి, పొర మీద పొరగా కిలోమీటరుకు మించి పేరుకుంది. ఆ నల్లరాయే బసాల్ట్. ప్రతి పొరలోనూ నడిమి భాగం గట్టిది, పైభాగం గాలిబుడగల చిల్లులతో బలహీనమైనది. రెండు పొరల మధ్య అక్కడక్కడా ఎర్రమట్టి పట్టీ ఉంటుంది. మెత్తనిది ముందు కొట్టుకుపోతుంది, గట్టిది నిట్టనిలువు గోడలా నిలబడుతుంది. అందువల్ల సహ్యాద్రిలో ఎక్కుడు ఒకే వాలుగా సాగదు. కాసేపు గోడ, కాసేపు చదును, మళ్లీ గోడ. చదునులో ఊపు అందుకునేలోగా చేతులకు పని పడుతుంది. మరాఠా కోటలకు ఈ గోడలే సగం ప్రాకారాలు. రాయి తొలిచిన మెట్లు, వందల ఏళ్ల పాదాలకు నున్నబడినవి, ఇప్పటికీ చాలా దారుల్లో ఎదురవుతాయి.

ఎండలో ఈ నల్లరాయి బూటును బాగానే పట్టుకుంటుంది. వానాకాలం సంగతి వేరు. మహాబలేశ్వరంలో ఏడాదికి అయిదు వేల మిల్లీమీటర్ల పైచిలుకు వాన, అందులో చాలాభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. రాయంతా పాచి. పాచి మీద ఏ బూటూ ఆగదు, ప్యాకెట్ మీద ఏం రాసినా సరే. కొండ నెత్తిన మాత్రం లాటరైట్ అనే రాయి ఉంటుంది, ఎర్రగా, తుప్పుపట్టినట్టు, గుంటలు గుంటలుగా. అది తడిసినా కాస్త పట్టునిస్తుంది కానీ పడ్డామా, మోకాలు చెక్కేస్తుంది.

ఈ బసాల్ట్ మనకు కొత్తేం కాదు. రాజమండ్రి పక్క కాటేరులో, కొవ్వూరు అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో తీసే నల్లరాయి ఆ కాలపు లావాయే. పడమటి నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని రసాయనిక పోలికలు చెబుతున్నాయి. రోడ్డు మీద పరుగెత్తేవాడి కాలి కింద కంకర ఇదే. గోదావరి 1,465 కిలోమీటర్ల దారిలో మోసుకొచ్చే ఒండ్రులోనూ దీని వాటా పెద్దది. బసాల్ట్ చివికితే వచ్చే బంకమన్నులో స్మెక్టైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పలుచని రేకుల మధ్యకు నీరు దూరి, మన్ను ఉబ్బి, జిగురెక్కుతుంది. తొలకరికి పుంతలో దిగి నాలుగడుగులు వేస్తే బూటు కింద శేరు మట్టి పేరుకోవడానికి కారణం అదే. ఒండ్రులో బసాల్ట్ వాటా చూడాలనుంటే పాత స్పీకర్‌లోని అయస్కాంతం పట్టుకుని సముద్రపొడ్డుకు వెళ్లండి. అలలు వదిలిన నల్ల ఇసుక చారల మీద ఆనిస్తే గింజలు మీసాల్లా లేచి అంటుకుంటాయి. అది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం, ఎక్కువ పాలు బసాల్ట్ సొత్తు. అంటుకోకుండా చేతిలో మిగిలిన ఇసుకలో అక్కడక్కడా మెరిసే గులాబీ ఎరుపు రేణువులు గార్నెట్, ఖొండలైట్ కొండల నుంచి దిగినవి.

దక్షిణాన నల్లమల, శేషాచలం క్వార్ట్జైట్ కొండలు. ఇసుకరాయి ఉడికి గట్టిపడితే క్వార్ట్జైట్. అది చివకదు, పలకలుగా విరుగుతుంది. దాని అంచులు పదును. బూటు అడుగు గట్టిది కావాలి, చీలమండ జాగ్రత్త. ఇంతకంటే చెప్పేదేం లేదు.

హిమాలయం వీటన్నిటికీ పసిబిడ్డ. భారత ఫలకం ఆసియాను గుద్దుకోవడం మొదలై అయిదు కోట్ల ఏళ్లే అయింది, కొండ ఇంకా పెరుగుతూనే ఉంది. పెరిగే కొండను నదులు అంతే వేగంగా కోస్తాయి, కాబట్టి వాలు ఎప్పుడూ జారడానికి సిద్ధంగా ఉంటుంది. పోయినేడు పరుగెత్తిన దారి ఈ ఏడు కొండచరియ కింద ఉండొచ్చు. లద్దాఖ్‌లో వాన చాలా తక్కువ, పని ఎక్కువగా మంచుది. పగుల్లోని నీరు గడ్డకడితే దాని ఘనపరిమాణం తొమ్మిది శాతం పెరుగుతుంది, రాయి చిట్లుతుంది. ఆ ముక్కలు ముప్పై, ముప్పై అయిదు డిగ్రీల వాలులో గుట్టపడి ఉంటాయి. ఎక్కేటప్పుడు అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు అదే రాళ్లతోపాటు జారుతూ దిగిపోవచ్చు, భయం పోతే అంత సరదా మరోటి లేదు. లేహ్ ఉన్న 3,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం మన దగ్గరి దాంట్లో మూడింట రెండు వంతులే, కాబట్టి అక్కడ రాయి కంటే ముందు ఊపిరి అడ్డం తిరుగుతుంది. కొన్నాళ్లుండి అలవాటు పడకుండా పరుగు మాట ఎత్తకూడదు.

మరి డెల్టాలో ఉండి వీటికి ఒళ్లు తయారుచేసుకునేదెలా? ఎక్కుడు గురించి అందరూ బెంగపడతారు గానీ, మన కాళ్లకు అసలు తెలియనిది దిగుడు. ఆల్బెర్టో మినెట్టి అనే పరిశోధకుడి బృందం 2002లో ట్రెడ్‌మిల్ మీద కొలిచింది. నూటికి నలభై అయిదు వాలులో ఎక్కితే మీటరుకయ్యే శక్తి ఖర్చు చదును మీద కంటే అయిదున్నర రెట్లు. నూటికి ఇరవై వాలులో దిగితే చదును ఖర్చులో సగమే. శక్తి పరంగా చవక, కండరానికి మాత్రం ప్రియం. దిగేటప్పుడు తొడ కండరం బిగుసుకుంటూనే సాగాలి, ఒంటి బరువును ఆపాలి. దాంతో లోపలి పోగులు చిరుగుతాయి. అలిపిరి మెట్లు ఎక్కి బస్సులో దిగినవాళ్లకూ, మెట్ల మీదే దిగినవాళ్లకూ మూడోనాడు తొడలు పలికే తీరులో తేడా ఇదే.

మంచి విషయమేమిటంటే కండరం త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కసారి గట్టిగా దిగితే చాలు, ఆ తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి నొప్పి బాగా తగ్గుతుంది. కోరుకొండ మెట్లున్నాయి, అన్నవరం మెట్లున్నాయి. పోటీకి ముందు రెండు మూడు ఆదివారాలు వాటి మీద దిగడానికే కేటాయించుకోవచ్చు. ఎక్కుడికి సముద్రపొడ్డు ఉంది. మెత్తని ఇసుకలో పరుగుకు గట్టినేల మీదకంటే 1.6 రెట్లు శక్తి కావాలని 1998లో బెల్జియం పరిశోధకులు తేల్చారు. ఊపిరికీ పిక్కలకూ అది చాలు. ఏటిగట్టును నిలువునా కాకుండా అడ్డంగా వాడండి, పక్కవాలు ఎక్కుతూ దిగుతూ. బూట్లు మాత్రం కొండ ఖరారయ్యాకే కొనండి: మారేడుమిల్లికి లోతైన పళ్లున్నవి, సహ్యాద్రికి మెత్తని రబ్బరున్నవి, నల్లమలకు మందపాటి అడుగున్నవి.