లేజర్‌తో రాయి తీస్తే కిడ్నీ కాలిపోద్దా? ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

ఈ మధ్య గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయన వచ్చాడు. కుడివైపు మూత్రనాళంలో 11 మిల్లీమీటర్ల రాయి, పైన కిడ్నీ వాచి ఉంది. సీటీ ఫిల్ము చూపించి లేజర్‌తో తీసేద్దాం అన్నా. ఆయనేమీ మాట్లాడలేదు గానీ పక్కనున్న బావమరిది అందుకున్నాడు, "లేజర్ అంటే కరెంటే కద సార్, లోపల కిడ్నీ కాలిపోద్దంట, తర్వాత పిల్లలు కూడా పుట్టరంట, కోసి తీస్తేనే మంచిదని మా ఊళ్ళో అందరూ అంటున్నారు" అని. యూరాలజిస్టుగా ఈ మాటలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఓపీలో ఒక్కొక్కరికీ పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పే టైం ఎప్పుడూ దొరకదు కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా, మీ ఇంట్లో ఎవరికైనా రాయి ఉంటే చదివి వినిపించండి.

అపోహ: లేజర్ లోపలంతా కాల్చేస్తుంది

మేం ఎక్కువగా వాడేది హోల్మియం లేజర్. దీని గుణం ఏంటంటే నీళ్ళు దాన్ని ఇట్టే పీల్చేసుకుంటాయి. లేజర్‌ని లోపలికి మోసే సన్న గాజు పోగు ఉంటుంది, దాన్ని ఫైబర్ అంటాం, దాని కొస నుంచి అర మిల్లీమీటరు కూడా దాటి పోదు. అంటే కొసని రాయికి దాదాపు ఆనించి పెడితేనే పని జరుగుతుంది, కొంచెం పక్కకి జరిగితే మధ్యలో ఉన్న సెలైన్ నీళ్ళే దాన్ని మింగేస్తాయి. ఫైబర్ సన్నవైతే 200 మైక్రాన్లు ఉంటుంది, మూడు వెంట్రుకలు పక్కపక్కన పెడితే ఎంతో అంత. ఈ మధ్య థూలియం ఫైబర్ లేజర్ కూడా వచ్చింది, అది రాయిని ఇంకా మెత్తగా పొడి చేస్తుంది, దాన్ని నీళ్ళు ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి.

అలాగని వేడే ఉండదని అబద్ధం చెప్పను. ఎక్కువ పవర్ పెట్టి ఆపకుండా కొడుతూ పోతే లోపలున్న నీళ్ళు వేడెక్కుతాయి, అందుకే సెలైన్ పారుతూనే ఉండాలి, మధ్యమధ్యలో పెడల్ మీద నుంచి కాలు తియ్యాలి. అది మా జాగ్రత్త, మీరు నిద్ర పాడుచేసుకోవాల్సిన విషయం కాదు.

మానిటర్ మీద చూస్తే భలే ఉంటుంది. గోధుమ రంగు రాయి, దాని మీద చిన్న లైటు చుక్క, టక టక టక అని చప్పుడు, రాయి అంచు కరిగి సున్నం కలిపినట్టు నీళ్ళన్నీ తెల్లగా అయిపోతాయి, ఏమీ కనపడదు, ఆగి, సెలైన్‌తో కడిగి, మళ్ళీ మొదలు. బయట బెంచీ మీద కూర్చున్న వాళ్ళకి "ఇంత చిన్న రాయికి గంటా?" అనిపిస్తుంది కదా, ఆ గంటలో సగం ఈ కడుక్కోవడమే.

ఇక కోత. పాత రోజుల్లో పక్కన పక్కటెముక కింద జానెడు కోసి తీసేవాళ్ళు, ఆ మచ్చలున్న పెద్దవాళ్ళు ఇప్పటికీ ఓపీకి వస్తుంటారు. ఇప్పుడు మూత్రం వచ్చే దారిలోనే స్కోపు, అంటే కెమెరా ఉన్న సన్న గొట్టం, పైకి పోతుంది. మూత్రనాళంలో రాయికి సన్నటి కడ్డీ లాంటి స్కోపు, కిడ్నీ లోపలి రాయికి ఎటంటే అటు వంగే స్కోపు, దాన్నే ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు. ఈ వంగే స్కోపు లావు రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. కోత లేదు, కుట్టు లేదు. మత్తు మాత్రం ఉంటుంది, నడుములో ఇంజక్షనో పూర్తి మత్తో మత్తు డాక్టర్ చూసి చెప్తారు.

పిల్లలు పుట్టరు, మగతనం పోతుంది అనేదానికి ఆధారమే లేదు, స్కోపు పోయేది మూత్రం దారిలో, వృషణాలకి దానికి సంబంధం లేదు. ఒక్క చిన్న విషయం, రాయి జారడానికి, స్టెంట్ (రాయి తీశాక కొన్నాళ్ళు లోపల ఉంచే సన్న గొట్టం, దాని సంగతి కింద చెప్తా) ఇబ్బంది తగ్గడానికి మేమిచ్చే టామ్సులోసిన్ మాత్ర వల్ల కొంతమందికి వీర్యం తక్కువగా వచ్చినట్టు, అసలు రానట్టు ఉంటుంది. మాత్ర ఆపేస్తే మామూలే. ఇది ముందు చెప్పకపోతే కొత్తగా పెళ్ళయిన కుర్రాళ్ళు హడలిపోతారు, పైగా అడగరు.

అపోహ: నొప్పి తగ్గిందంటే రాయి పోయినట్టే

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే, లేజర్ కాదు. ఒక ఆటో డ్రైవర్, రెండు రోజులు భరించలేని నొప్పి, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకున్నాడు, తగ్గింది, ఇంక రాయి పడిపోయిందనుకున్నాడు. ఎనిమిది నెలల తర్వాత వేరే పని మీద స్కానింగ్ తీస్తే ఆ కిడ్నీ నీళ్ళ సంచిలా ఉంది, కండ పల్చటి తొక్కలా మిగిలింది. రాయి మాత్రం ఎక్కడిదక్కడే. రాయిని తీయడం అరగంట పని, కానీ తీసి ఏం లాభం, కిడ్నీ తిరిగి రాదు.

నొప్పి ఎందుకొస్తుందంటే రాయి అడ్డంపడి పైన మూత్రం ఉబ్బి ఒత్తిడి పెరగడం వల్ల. కొన్నాళ్ళకి ఆ కిడ్నీ మూత్రం తయారుచేయడం తగ్గించేస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. మనం బాగైందనుకుంటాం. కాబట్టి నొప్పి పోయినా స్కానింగ్ తీయించుకుని రాయి పోయిందని కళ్ళతో చూసుకున్నాకే నమ్మండి. చిన్న రాయైతే నాలుగు నుంచి ఆరు వారాలు చూడొచ్చు, అదీ జ్వరం లేకపోతే, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) బాగుంటే, డాక్టర్ కనిపెట్టుకుని ఉంటేనే.

అపోహ: కొండపిండాకు, ఉలవచారు, అరటి దవ్వ రసం తాగితే ఎంత రాయైనా కరిగిపోద్ది

ఇక్కడ నన్ను తిట్టేవాళ్ళు ఉంటారు, తెలుసు. మూత్రనాళంలో 5 మిల్లీమీటర్ల లోపు రాయి ఉంటే 100లో 60, 70 మందికి దానంతటదే పడిపోతుంది. ఆ వారంలో మీరు ఏం తాగితే దానికే పేరు. ఉలవచారు తాగితే ఉలవచారుకి, నా మాత్ర మింగితే నాకు, నిజానికి ఇద్దరం కొంచెం ఎక్కువే కొట్టేస్తున్నాం ఆ క్రెడిట్. మన దగ్గర ఎక్కువగా వచ్చేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు, అవి ఏ రసానికీ కరగవు, ఏ మాత్రకీ కరగవు. కరిగేది యూరిక్ యాసిడ్ రాయి ఒక్కటే అనుకోండి, మూత్రంలో ఆమ్లం తగ్గించే పొటాషియం సిట్రేట్ లాంటి మందులతో అది నిజంగానే కరుగుతుంది, అలాంటి వాళ్ళకి నేనే ఆపరేషన్ వద్దంటా.

ఉలవచారు అన్నంలో కలుపుకుని తినండి, నాకూ ఇష్టమే. 12 మిల్లీమీటర్ల రాయి అడ్డంపడి ఉండగా దాన్ని నమ్ముకుని మూడు నెలలు కూర్చోవద్దు, అంతే. బీరు సంగతి కూడా ఇంతే, ఆ పూట మూత్రం ఎక్కువొస్తుంది, తర్వాత ఒళ్ళు ఎండిపోతుంది, పైగా యూరిక్ యాసిడ్ పెంచుతుంది. భార్య పక్కనుండగా "బీరు తాగమన్నారు కద డాక్టర్ గారూ" అని నా చేత అనిపించాలని చూసేవాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురు తగుల్తారు.

అపోహ: లేజర్ అంటే ఒక్కసారిలో అంతా క్లీన్

దీనికి కొంత మా వాళ్ళ ప్రకటనలే కారణం, ఒప్పుకోవాలి. కిడ్నీలో రాయి 2 సెంటీమీటర్ల లోపుంటే ఆర్‌ఐఆర్‌ఎస్ మంచి దారి. దాటితే వీపు వైపు నుంచి చిన్న రంధ్రం పెట్టి తీసే పీసీఎన్‌ఎల్ మేలు, రంధ్రం అంటే సెంటీమీటరు, ఇప్పుడు మినీ పీసీఎన్‌ఎల్‌లో అంతకన్నా చిన్నది. మూడు సెంటీమీటర్ల రాయిని "కోత లేకుండా లేజర్‌తోనే కావాలి" అని పట్టుబడితే రెండు మూడు సార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది, ఖర్చు కూడా రెండు మూడింతలు. ఏది కొత్తదో అది గొప్పదని కాదు, మీ రాయి ఎక్కడుంది, ఎంతుంది, ఎంత గట్టిది, ఇవి చూసి తేల్చేది.

ఇంకోటి. కొంతమందికి మూత్రనాళం పుట్టుకతోనే సన్నగా ఉంటుంది, స్కోపు ఎక్కదు. బలవంతం చేస్తే చిరుగుతుంది. అప్పుడు స్టెంట్ వేసి బయటికొచ్చేయాలి, ఒకట్రెండు వారాల్లో నాళం దానంతటదే వదులవుతుంది, అప్పుడు మళ్ళీ పోవాలి. "థియేటర్లోకి తీసుకెళ్ళి రాయి తీయకుండా పంపించాడు" అని ఒకాయన నా మీద ఊరంతా చెప్పాడు. చెప్పుకోనీ. ఆ రోజు ఆగకపోతే ఆయన నాళం చిరిగేది.

జ్వరం, చలి ఉంటే కూడా అంతే. రాయి అడ్డంపడి పైన చీము పట్టిందంటే ఆ రోజు లేజర్ పెట్టకూడదు. లోపల సెలైన్ ఒత్తిడికి ఆ సూక్ష్మజీవులు రక్తంలోకి పోతాయి, సెప్సిస్ అయి ఐసీయూలో పడతారు, ప్రాణాలే పోవచ్చు. ముందు స్టెంట్ వేసో వీపు నుంచి ట్యూబు వేసో చీము దించి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఒళ్ళు కుదుటపడ్డాక రాయి సంగతి. ఆపరేషన్‌కి ముందు యూరిన్ కల్చర్ (మూత్రంలో సూక్ష్మజీవులున్నాయేమో చూసే పరీక్ష) అడిగితే, రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుందంటే విసుక్కోకండి. మొత్తం ఈ వ్యవహారంలో అతి ముఖ్యమైన టెస్టు అదేనని నా లెక్క.

అపోహ: రాయి పోయింది, ఇంక డాక్టర్‌తో పనేముంది

డీజే స్టెంట్ గురించి. (డీజే అంటే పెళ్ళి ఊరేగింపు పాటలు కాదు, రెండు కొసలూ జే అక్షరంలా వంపు తిరిగి ఉంటాయని ఆ పేరు.) పై కొస కిడ్నీలో, కింది కొస మూత్రసంచిలో ఉండే మెత్తటి సన్న గొట్టం. లేజర్ తర్వాత నాళం వాస్తుంది, పొడి దిగుతుంది, మూత్రం ఆగిపోకుండా ఇది కాపాడుతుంది. ఉన్నన్నాళ్ళూ చిరాకే, అది దాచను. మాటిమాటికీ మూత్రం వస్తుంది, గులాబీ రంగులో పడుతుంది, మూత్రం పోస్తుంటే సరిగ్గా అప్పుడే నడుము పక్కన పట్టేసినట్టు నొప్పి వస్తుంది, మూత్రసంచి ముడుచుకున్నప్పుడు గొట్టం గుండా కొంత పైకి తన్నడం వల్ల అది. ఆపరేషన్ ఫెయిలైందని కంగారుపడి ఫోన్లు చేస్తారు, అది కాదు.

చిరాకు పెట్టే స్టెంట్ మంచిది, గుర్తుంటుంది. అలవాటైపోయిన స్టెంటే ప్రమాదం. పని మీద వేరే ఊరెళ్ళిపోయి, ఫోన్ నంబర్ మారి, మూడేళ్ళ తర్వాత వచ్చిన ఒకమ్మాయిని చూశా. ఎక్స్‌రేలో స్టెంట్ రెండు కొసల మీదా రాయి పేరుకుపోయి, కింద మూత్రసంచిలో కోడిగుడ్డంత. పది నిమిషాల్లో జెల్లీ పెట్టి లాగేయాల్సిన గొట్టానికి మూడు ఆపరేషన్లు పట్టింది. ఆమె డిశ్చార్జ్ కాగితంలో స్టెంట్ అని రాసే ఉంది, ఇంగ్లీషులో, నాలుగో లైన్లో. అది చూశాక నాకు సిగ్గేసింది, ఎందుకంటే మొదట్లో నేనూ అలాగే రాసి పంపేవాణ్ణి. ఇప్పుడు కాగితం పైనే ఎర్ర పెన్నుతో తెలుగులో, "లోపల గొట్టం ఉంది, ఫలానా తారీఖున తీయించుకోవాలి" అని రాస్తున్నా, ఇంట్లో ఇంకొకరి నంబర్ కూడా తీసుకుంటున్నా.

అపోహ: పాలు, టమాటా మానేస్తే మళ్ళీ రాదు

పాలు పెరుగు మానొద్దు. తిండిలో కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి పంపేస్తుంది, మానేస్తే ఆక్సలేట్ ఇంకా ఎక్కువ మూత్రంలోకి వస్తుంది. టమాటాలో ఆక్సలేట్ తక్కువే, పాపం దానికి ఊరికే చెడ్డపేరు. పాలకూర మాత్రం రోజూ వద్దు. అసలు దోషి ఉప్పు, మూత్రంలోకి కాల్షియాన్ని లాక్కొస్తుంది. ఆవకాయ ఊళ్ళో కూర్చుని ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నీళ్ళు ఎన్ని తాగాలి అంటే, తాగింది కాదు, పోసింది లెక్క. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. మే నెలలో యార్డులో చెమట కారుస్తూ బస్తాలు మోసే ఆయనకి మూడు లీటర్లు తాగినా సరిపోదు. ఆయన్ని అడిగితే అసలు పొద్దుట్నించి సాయంత్రం దాకా ఒక సీసా తాగుతాడంట, మాటిమాటికీ వెళ్ళాలంటే పని దగ్గర కుదరదని. బస్ కండక్టర్లు, బాత్రూం సరిగ్గా లేని స్కూళ్ళలో టీచరమ్మలు ఇదే మాట చెప్తారు. దీనికి నా దగ్గర మందు లేదు.

ఆ మిర్చి యార్డు ఆయనకి కల్చర్ రిపోర్టు చూసుకున్నాక లేజర్ చేశాం, నలభై నిమిషాలు పట్టింది, స్టెంట్ రెండు వారాలకి తీసేశాం. తీసిన రోజు జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు, లోపల దూది మీద ఆవగింజంత ముక్క. ఇంట్లో టీ వడకట్టే జల్లెడతో పట్టాడంట. రాయిని ల్యాబ్‌కి పంపాలి అన్న నా మాట గుర్తుపెట్టుకున్నందుకు సంతోషించి, ఆ జల్లెడ ఇప్పుడెక్కడుందయ్యా అని అడిగా. బావమరిది తల దించుకున్నాడు.