పెన్ను అడిగితే పిన్ను

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో చదువుకుంటున్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, షాపులో ఒకావిడ పిన్ను అడిగితే వెతికి వెతికి గుండుసూది ఇచ్చాను. ఆవిడకి కావాల్సింది పెన్నట! వీళ్ళెందుకిలా పలుకుతారు?"

అద్దం ముందు నిలబడి 'బ్యాడ్', 'బెడ్', 'బిడ్' అని చూడండి. మొదటిదానికి దవడ బాగా దిగుతుంది, రెండోదానికి కొంచెం, మూడోదానికి ఇంకా తక్కువ. న్యూజిలాండ్‌లో మొదటి రెండు అచ్చులు ఒక్కో మెట్టు పైకి జరిగాయి. వాళ్ళ 'బ్యాడ్' మన చెవికి 'బెడ్'లా, 'బెడ్' 'బిడ్'లా వినిపిస్తాయి. అలా తన చోటు పోయిన 'బిడ్' నోటి మధ్యకి జారింది. అందుకే అక్కడి 'ఫిష్' కొత్తవాళ్ళకి 'ఫుష్'.

1840లో బ్రిటిష్ ప్రభుత్వానికీ అక్కడి మావోరీ పెద్దలకీ కుదిరిన వైటాంగి ఒప్పందం తర్వాత ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఐర్లండ్, ఆస్ట్రేలియాల నుంచి జనం అక్కడికి వెల్లువెత్తారు. 1862లో యారో అనే నదిలో బంగారం దొరకగానే దాని ఒడ్డున వెలిసిన యారోటౌన్‌లో ఈ యాసలన్నీ ఒక్కచోట చేరాయి. పెద్దవాళ్ళు తమ యాస పెద్దగా మార్చుకోలేరు. పిల్లలకి మాత్రం అనుకరించడానికి ఊరంతటికీ ఒక్క యాసంటూ లేదు. వాళ్ళు ఒక పలుకు ఇక్కడా ఒకటి అక్కడా ఏరుకున్నారు. వాళ్ళ తర్వాతి తరం పిల్లలు ఆడుకుంటూ, పోట్లాడుకుంటూ దాన్ని ఒక్క యాసగా కుదిర్చారు. పండితులు, పంతుళ్ళు చేసింది కాదిది, పిల్లలు చేసింది! 1900 ప్రాంతంలో స్కూల్ ఇన్‌స్పెక్టర్లు దీన్ని వలస యాసని తిట్టిపోశారు. పిల్లల నోట భాష పుడుతుంటే తప్పులు దిద్దే చదువు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇదంతా మనకి తెలియడం ఒక అదృష్టం. 1946–48లో రేడియో సంస్థ వ్యాన్ ఒకటి ఊళ్ళు తిరిగి, పాటలతో పాటు వృద్ధుల జ్ఞాపకాలనూ డిస్కుల మీద రికార్డు చేసింది. వాళ్ళలో 1850లలో పుట్టినవాళ్ళూ ఉన్నారు. దశాబ్దాల తర్వాత క్రైస్ట్‌చర్చ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ డిస్కులు విన్నారు. ఒకే ఊళ్ళో కలిసి పెరిగినవాళ్ళ యాసలు కూడా ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి! మావాడి 'పెన్ను' జవాబూ అక్కడే దొరికింది. ఆ తాతల నోట్లోనే అచ్చు అప్పటికే కొంత పైకి జరిగి ఉంది. ఆగ్నేయ ఇంగ్లండ్ జనం నోట అది ఓడెక్కి వచ్చింది, అక్కడి పిల్లలు దాన్ని ఇంకా ముందుకు తోశారు.

స్కాట్లాండ్ వాళ్ళే ఎక్కువగా ఉన్న మిల్టన్ అనే ఊళ్ళో మాత్రం కలగలుపు తక్కువ, అందుకే పాత యాస ఎక్కువ కాలం నిలిచింది. ఇంకా దక్షిణాన సౌత్‌లాండ్‌లో 'నర్స్', 'వర్క్' లాంటి మాటల్లో, మిగతాచోట్ల సాధారణంగా వదిలేసే 'ర్' ఈనాటికీ పలుకుతుంది. మావాడు సెలవులకి అక్కడి ఇన్వర్‌కార్గిల్ వెళ్తున్నాడట. ఆ 'ర్' కోసం చెవులు రిక్కించి వినమన్నాను.