సున్నా అంటే ‘లేదు’ అని కాదు: జావాస్క్రిప్ట్ ట్రూ, ఫాల్స్‌ల మీద అపోహలు

కొత్తగా చేరినవాళ్ల కోడ్ రివ్యూ చేస్తుంటే వారానికి ఒక్కసారైనా నేను రాసే కామెంట్ ఇది: ‘ఇక్కడ సున్నా వస్తే?’ దానికి జవాబు కూడా దాదాపు ఒకటే. ‘ఇఫ్ పెట్టాను కదండీ, విలువ లేకపోతే లోపలికి వెళ్లదు.’

అపోహ: వేరియబుల్‌ని ఇఫ్‌లో పెడితే విలువ ఉందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: ఇఫ్ ఆ ప్రశ్నే అడగదు. చేతికి వచ్చిన విలువను బూలియన్‌గా, అంటే ట్రూ లేదా ఫాల్స్‌గా, మార్చి చూస్తుంది, అంతే. అలా మార్చితే ఫాల్స్ అయ్యేవి కొన్నే: ఫాల్స్, సున్నా, మైనస్ సున్నా, బిగ్‌ఇంట్ (చాలా పెద్ద పూర్ణాంకాల రకం) సున్నా, ఖాళీ స్ట్రింగ్, నల్, అన్‌డిఫైన్డ్, నాన్ (NaN, అంకెగా మారని ఫలితం). (పాత పేజీల కోసం మిగిలిపోయిన డాక్యుమెంట్ డాట్ ఆల్ ఒక్కటి వింత మినహాయింపు. దాని జోలికి వెళ్లకండి.) మిగతావన్నీ ట్రూనే. ఈ జాబితాలో ‘లేదు’ అని చెప్పేవి నల్, అన్‌డిఫైన్డ్ రెండే. సున్నా ఒక విలువ. ఖాళీ స్ట్రింగ్ కూడా చాలాచోట్ల విలువే, యూజర్ కావాలనే చెరిపేసి ఉండొచ్చు.

కొన్నేళ్ల కిందట పరీక్ష మార్కులు చూపించే పేజీ ఒకటి రాశాను. మార్కులు ఉంటే చూపించు, లేకపోతే ‘గైర్హాజరు’ అని వేయి. ఒకే లైనులో || (ఎడమవైపుది ఫాల్స్ అయ్యే విలువైతే కుడివైపుది ఇచ్చే గుర్తు) పెట్టి ముగించాను. టెస్టింగ్‌లో 35, 72, 90 అన్నీ చక్కగా వచ్చాయి. పేజీ విడుదలయ్యాక, ఒక పేపర్లో సున్నా వచ్చిన కుర్రాడికి గైర్హాజరు అని పడింది. పరీక్షకని చెప్పి ఎక్కడికి వెళ్లావని ఇంట్లో నిలదీశారట. రాశానని వాడు ఎంత చెప్పినా తెర మీద ఉన్నదే నమ్మారు. తర్వాత వాళ్లమ్మగారు ఫోన్ చేసి అడిగితే గానీ మాకు తెలియలేదు. కోడ్ సరిచేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఫోన్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

అప్పట్లో నల్, అన్‌డిఫైన్డ్‌లతో విడిగా పోల్చి సరిచేశాను. ఇప్పుడైతే ?? అనే గుర్తు ఉంది, జావాస్క్రిప్ట్ ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్ 2020లో వచ్చింది. ఎడమవైపు నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ ఉంటేనే అది కుడివైపుకి వెళ్తుంది. సున్నా ఉంటే సున్నానే ఇస్తుంది. ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో ??, || రెండూ కలపాలంటే బ్రాకెట్లు తప్పనిసరి, లేకపోతే సింటాక్స్ ఎర్రర్.

ఫారంలో ఇదే చిక్కు తిరగబడి వస్తుంది. ఇన్‌పుట్ పెట్టె నుంచి వాల్యూ ఎప్పుడూ స్ట్రింగ్‌గానే అందుతుంది. కోట్స్‌లో ఉన్న "0" ట్రూ. దాన్ని అంకెగా మార్చగానే ఫాల్స్. ఇంకా ఘోరం, ఖాళీ స్ట్రింగ్‌ని నంబర్ ఫంక్షన్‌కి ఇస్తే సున్నా వస్తుంది. అంటే ఏమీ నింపనివాడికి సున్నా పడుతుంది. అందుకే ఖాళీయా కాదా అన్నది మార్చకముందే చూడాలి. ఒక విలువ ఏ స్థానంలో ఉందో చెప్పే ఇండెక్స్‌ఆఫ్ కూడా ఇంతే: మొదటి స్థానంలోనే దొరికితే 0, అది ఫాల్స్; అసలు దొరక్కపోతే -1, అది ట్రూ. ఉందా లేదా అన్నది నేరుగా ట్రూ, ఫాల్స్‌గా చెప్పే ఇంక్లూడ్స్ ఉండగా దీనితో తిప్పలెందుకు?

మిగతావి గబగబా చెప్పేస్తాను. బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో ఫాల్స్ దాచుకుంటే తిరిగొచ్చేది "ఫాల్స్" అన్న స్ట్రింగ్, అది ట్రూ. బటన్‌కి డిసేబుల్డ్ అట్రిబ్యూట్ ఇచ్చి పక్కన "ఫాల్స్" అని రాసినా బటన్ పనిచేయదు, ఆ అట్రిబ్యూట్ ఉండటమే ట్రూ. ఖాళీ అర్రే, ఖాళీ ఆబ్జెక్ట్ రెండూ ట్రూ, అర్రేకైతే లెంగ్త్, ఆబ్జెక్ట్‌కైతే ఆబ్జెక్ట్ డాట్ కీస్ ఇచ్చే జాబితా లెంగ్త్ చూడండి. అసింక్ ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు అవెయిట్ మర్చిపోతే అసలు జవాబు బదులు ప్రామిస్ (జవాబు తర్వాత ఇస్తానన్న ఆబ్జెక్ట్) వస్తుంది, అదీ ట్రూ. లాగిన్ తనిఖీలో ఇలా జరిగితే తలుపులు తెరిచి కూర్చున్నట్టే. ఇఫ్‌లో !! (విలువను బూలియన్‌గా మార్చే గుర్తు) పెడితే వేగం పెరుగుతుందన్నది ఒట్టి పుకారు. ఆ మార్పిడి ఇఫ్ ఎలాగూ చేస్తుంది.

ఇంటర్వ్యూ కోసం == (రకాలు వేరైతే మార్చి పోల్చే గుర్తు) పట్టికలు బట్టీ పడుతూ టెన్షన్ పడే పిల్లల్ని చూస్తే బాధగా ఉంటుంది. ఖాళీ అర్రే == ఫాల్స్ అంటే ట్రూ వస్తుంది, ఎందుకంటే రెండూ చివరికి సున్నాలుగా మారతాయి. అదే ఖాళీ అర్రేని ఇఫ్‌లో పెడితే లోపలికి వెళ్తుంది. ఈ రెండూ వేర్వేరు నియమాలని తెలిస్తే చాలు, పనిలో రకాలు మార్చకుండా పోల్చే === వాడండి.

ఈరోజే మీ ప్రాజెక్టులో || అని వెతకండి. ఎడమవైపు అంకె వచ్చే ప్రతి చోటా ఆగి, సున్నా వస్తే ఏమవ్వాలో తేల్చుకుని, సున్నా నిలవాలంటే ??కి మార్చండి. నాన్ మాత్రం ??కి దొరక్కుండా దాటిపోతుంది, దాన్ని నంబర్ డాట్ ఈజ్‌నాన్‌తో విడిగా పట్టుకోవాలి.