పాలసీ మారకపోతే పిల్లలు ఫెయిలా? కొన్ని అపోహలు – వాస్తవాలు

నేను ఆక్లాండ్‌లో హైస్కూల్ పిల్లలకు సోషల్ స్టడీస్ చెప్తాను. ఇయర్ 13లో, అంటే న్యూజిలాండ్ హైస్కూల్ సర్టిఫికెట్ అయిన ఎన్‌సీఈఏ లెవెల్ 3లో, ఒక ఇంటర్నల్ (స్కూల్లోనే టీచర్లు గ్రేడు ఇచ్చే అసెస్‌మెంట్) ఉంటుంది. ఏదో ఒక పాలసీని మార్పించడానికి పిల్లలే స్వయంగా సోషల్ యాక్షన్ (సంతకాలు సేకరించడం, పిటిషన్ పెట్టడం లాంటివి) చేసి, దాన్ని పరిశీలించి రాయాలి. అది మొదలైందంటే మన తెలుగువాళ్ల ఫోన్లు కూడా మొదలవుతాయి.

అపోహ: పాలసీ మారితేనే ఎక్సలెన్స్ (అన్నిటికన్నా పై గ్రేడు), మారకపోతే నాట్ అచీవ్డ్ (ఫెయిల్).

కాదంటే కాదు. మార్చడం మంత్రి చేతిలోనో కౌన్సిల్ చేతిలోనో ఉంటుంది, పదిహేడేళ్ల పిల్ల చేతిలో ఎందుకుంటుంది? ఓటు వయసు 16కి తగ్గించాలని పోరాడే మేక్ ఇట్ 16 అనే యువ బృందం వాళ్లు ఆ వయసు మీద 2022 నవంబరులో సుప్రీంకోర్టులోనే గెలిచారు, అయినా ఓటు వయసు ఇప్పటికీ 18 ఏళ్లే. మేం చూసేది వేరు: ఈ పాలసీనే ఎందుకు ఎంచుకున్నారు, దాని మీద ఎవరి వాదన ఏమిటి, తాము చేసిన పని ఎంతవరకు పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది, ఎందుకు. పై గ్రేడు దొరికేది ఈ చివరి ప్రశ్నల దగ్గరే. కానీ భయపడిన పిల్లలు, అవతలి నుంచి కుదరదని జవాబు వచ్చినా, "మా యాక్షన్ సక్సెస్ అయింది" అని రాసేస్తారు. ఉన్న గ్రేడు పోయేది ఆ ఒక్క వాక్యంతోనే.

2024లో ఒక అమ్మాయి, 25 ఏళ్లలోపు వాళ్లకున్న సగం బస్సు చార్జీ తీసేయొద్దని సంతకాలు సేకరించి రవాణా మంత్రికి పంపింది. ఏప్రిల్ ఆఖరుతో ఆ రాయితీ పోయింది. వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, "మేడమ్, టాపిక్ మార్పించండి, యూనివర్సిటీ సీటుకే ఎసరొచ్చేలా ఉంది" అన్నారు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది, ఆయన్ని తప్పుపట్టను, ర్యాంకుల మధ్య పెరిగిన తరం మనది. ఆ అమ్మాయి మాత్రం టాపిక్ మార్చలేదు. నిర్ణయం 2023 డిసెంబరులోనే ప్రకటించేశారని, తను మార్చిలో మంత్రిని అడగడం ఆలస్యమైందని, అదే మార్చిలో ఆక్లాండ్ కౌన్సిల్ తన పదేళ్ల ప్రణాళిక మీద జనం అభిప్రాయాలు తీసుకుంటోందని, అడగాల్సింది అక్కడేనని తేదీలతో సహా రాసింది. ఎక్సలెన్స్ వచ్చింది.

అపోహ: సంతకాలెన్ని ఉంటే అంత గ్రేడు.

ఒటోరోహంగా కాలేజీ అనే హైస్కూల్ పిల్లలు 2015లో 12,000కు పైగా సంతకాలు పార్లమెంటుకు తీసుకెళ్లారు, న్యూజిలాండ్ యుద్ధాలను (19వ శతాబ్దంలో ఈ దేశంలోనే మావోరీలకు, ప్రభుత్వానికి మధ్య జరిగినవి) స్మరించుకునే రోజు అలాగే వచ్చింది. గొప్ప పనే. దానితో మీవాడి నలభై సంతకాలను ఎవరూ పోల్చరు. పార్లమెంటు పిటిషన్‌కు ఒక్క సంతకం చాలు.

అపోహ: సిటిజన్ కానివాళ్లు పిటిషన్ పెడితే రెసిడెన్సీ ఆగిపోతుంది.

ఈ వాట్సాప్ పుకారు వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. పార్లమెంటుకు పిటిషన్ ఎవరైనా పెట్టొచ్చు, వయసుతో గానీ పౌరసత్వంతో గానీ పని లేదు. శాంతియుతంగా గుమిగూడే హక్కు 1990 నాటి బిల్ ఆఫ్ రైట్స్ చట్టంలో అందరికీ ఉంది. రెసిడెన్సీకి చేసే క్యారెక్టర్ చెక్‌లో ప్రధానంగా అడిగేది నేరాలు, శిక్షల లాంటి వాటి గురించి. జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది: సెలెక్ట్ కమిటీకి (బిల్లులు, పిటిషన్లు పరిశీలించే ఎంపీల కమిటీకి) పంపే సబ్మిషన్లు, అంటే రాతపూర్వక అభిప్రాయాలు, సాధారణంగా పేరుతో సహా పార్లమెంటు వెబ్‌సైట్లో పెడతారు, కాబట్టి లోపల ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు రాయనివ్వకండి.

ఇక గ్రూపుగా చేస్తే ఒక్కరు రాస్తే చాలని కొందరు అనుకుంటారు. నలుగురు కలిసి చేసినా ఎవరి రిపోర్టు వాళ్లదే. ఎవరు ఏం చేశారో తెలిపే ఈమెయిళ్లు, ఫోటోలు, తేదీలు పని జరుగుతున్నప్పుడే దాచుకోమనండి, చివరి వారంలో వెతికితే దొరకవు.