అపోహలు – వాస్తవాలు: ఆ పీత చచ్చిపోలేదు, కుబుసం విడిచింది

"అన్నా, పీత పోయిందన్నా!" ఇళ్లలోని ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులు చూసుకునే పనిలో నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. మొన్న ఆదివారం కూకట్‌పల్లి నుంచి ఒకావిడ చేశారు. వాళ్లు పెంచేది హెర్మిట్ క్రాబ్, అంటే ఖాళీ నత్త శంఖంలో దూరి బతికే పీత. వాళ్ల పాప పొద్దున్నుంచి అన్నం ముట్టలేదట. ఫొటో పెట్టమన్నాను. లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి) పక్కన ఇసుక మీద కాళ్లు, డెక్కలు, మీసాలు, కళ్లతో సహా పీత ఆకారం వెల్లకిలా పడి ఉంది. "మేడమ్, దాన్ని చెంచాతో బయటికి తీసి వాసన చూడండి" అన్నాను. వాసన లేదు. లోపలంతా ఖాళీ. కళ్లు గాజు పెంకుల్లా ఉన్నాయి. అది శవం కాదు, కుబుసం.

హెర్మిట్ క్రాబ్ పెరగాలంటే పైగుల్ల, అంటే శంఖం కాదు, తన ఒంటి మీది గట్టి పొర, విడవక తప్పదు. విడిచాక ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, తోటి పీత కొరికినా ప్రాణం పోతుంది. అందుకే రాతి సందులో దాక్కుని కొత్త గుల్ల గట్టిపడేదాకా కొన్ని రోజులు బయటికి రాదు. మనకేమో ఇసుక మీద "శవం" కనపడుతుంది, పీత కనపడదు. టెన్షన్ పడటంలో తప్పేమీ లేదు.

మాది భీమవరం దగ్గర పల్లె, మా మావయ్యకు రొయ్యల చెరువు ఉండేది. చిన్నప్పుడు గట్టు వారకు కొట్టుకొచ్చిన పలచటి గుల్లలు చూసి, రొయ్యలన్నీ చచ్చిపోయాయని పరుగెత్తుకెళ్లి చెప్పాను. ఆయన ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. బరువే లేదు. "ఇది దాని పాత చొక్కారా. అసలుది అడుగున నక్కి ఉంది, ఇవాళ మేత కూడా సరిగా తినదు" అన్నాడు. రొయ్యల రైతు ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఇంట్లో పీతను పెంచేవాళ్లకు మాత్రం అమ్మేటప్పుడు ఎవరూ చెప్పడం లేదు.

నిజంగా చచ్చిన పీత తెలిసిపోతుంది. శంఖంలోంచి జారి వేలాడుతుంది, కుళ్లు కంపు కొడుతుంది. అనుమానం ఉంటే శంఖాన్ని కదపకుండా వారం పది రోజులు ఆగండి. దయచేసి పీతను పట్టుకుని బయటికి లాగకండి. అది వెనక కాళ్లతో, తోక కొక్కేలతో శంఖాన్ని లోపల్నుంచి గట్టిగా పట్టుకుంటుంది. ఒళ్లు తెగినా వదలదు. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, కదలడం లేదని ఒక శంఖాన్ని చెత్తబుట్టలో వేశాను. సాయంత్రం చూస్తే అది బుట్ట అంచు దాకా పాకి, ఎండిపోయి ఉంది. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. కుబుసాన్ని చూసి ట్యాంకులో జబ్బు వచ్చిందనుకుంటారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "కాపర్ మందు పొయ్యి" అంటారు. చేపలకు వచ్చే తెల్లమచ్చ జబ్బుకు కాపర్, అంటే రాగి, పనిచేస్తుంది, లీటరుకు 0.2 మిల్లీగ్రాముల దగ్గర. పీతలకూ నత్తలకూ రొయ్యలకూ పగడాలకూ అది విషం. ఒక్క రోజులో ట్యాంకంతా ఖాళీ అయిన ఇళ్లు చూశాను. పైగా రాగి లైవ్ రాక్‌లోకి, ఇసుకలోకి ఇంకిపోయి తర్వాత మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. "పీత రక్తంలోనే రాగి ఉంటుంది కదా" అని వాదించేవాళ్లున్నారు. ఉంటుంది, నిజమే. కానీ ఒంటికి ఎంత కావాలో అంత వాడుకునే రాగి వేరు, నీళ్లలో కరిగి నేరుగా మొప్పలకు తగిలే రాగి వేరు. చేపకు జబ్బు చేస్తే చేపను వేరే ట్యాంకులోకి తీసి వైద్యం చేయండి. పగడాలు, పీతలు ఉండే రీఫ్ ట్యాంకులో ఒక్క చుక్క కూడా వద్దు.

ఇంకో సంగతి, మన ఇళ్లలో చాలామందికి తట్టనిది. ఆవిరైన నీళ్ల బదులు ఏం పోస్తున్నారో చూసుకోండి. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు, రాగి కలిపే రకం ప్యూరిఫయర్ నీళ్లు మనిషికి మంచివని కొనుక్కుంటాం. అవే ట్యాంకులో పోస్తున్నారు. మందు పొయ్యకపోయినా పీతలు వరసగా పోతున్నాయంటే నేను మొదట అడిగేది వంటింట్లో ప్యూరిఫయర్ ఏమిటని. ట్యాంకుకు విడిగా ఆర్‌ఓ డీఐ నీళ్లు (కరిగిన లవణాలు, లోహాలు దాదాపు పూర్తిగా తీసేసిన నీళ్లు) వాడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

పీతలుంటే నీళ్లు మార్చక్కర్లేదన్నది తప్పు. అవి పాచి, మిగిలిన మేత తింటాయి, నీళ్లలో పేరుకునే నైట్రేట్ అనే వ్యర్థాన్ని తినవు. 75 లీటర్ల ట్యాంకుకు నాలుగైదు చాలు. పాతిక వేస్తే ఆకలితో పోతాయి. ట్యాంకు మరీ శుభ్రంగా ఉంటే వారానికి ఒకట్రెండు సార్లు చిన్న నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క వేయండి. కుబుసం విడవడానికని అయోడిన్ చుక్కలు అక్కర్లేదు, వారం వారం 10 శాతం నీళ్లు మారిస్తే సరిపోతుంది. చిన్న పీతలు బతికున్న పగడాన్ని సాధారణంగా తినవు. చచ్చిన కండ మీద కనపడితే నేరం వాటి మీద వేస్తున్నారు. నత్తలను చంపుతాయన్నది మాత్రం అపోహ కాదు, శంఖం కోసం చంపుతాయి.

కొన్న రోజు కూడా తొందరపడకండి. చాలా షాపుల్లో ఉప్పు తక్కువ ఉంచుతారు, నీటి సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) కొలతలో 1.020 లేదా అంతకన్నా తక్కువ. మీ ట్యాంకు 1.025 అయితే, గంటకు పైగా మీ ట్యాంకు నీళ్లు చుక్క చుక్కగా కలుపుతూ అలవాటు చేసి వదలండి.

ఖాళీ శంఖాలు పీతకు మూడు చొప్పున, ఇప్పుడున్నదానికంటే కాస్త పెద్దవి, గుండ్రటి నోరున్నవి ఉంచండి. మామూలు నీళ్లలో పది నిమిషాలు మరిగించి చల్లార్చి వేయండి. బీచ్ దగ్గర అమ్మే రంగులేసినవి వద్దు, రంగు పెచ్చులూడుతుంది. గవ్వలు కూడా పనికిరావు, సందు సన్నం.

కూకట్‌పల్లి పీత ఎనిమిదో రోజు రాత్రి బయటికొచ్చింది. ఇదివరకు విరిగిపోయిన ఎడమ కాలి చోట చిన్న కాలు మొలిచిందని పాపే నాకు ఫోన్ చేసి చెప్పింది.